జంబులింగం గారి సాంపిల్ పని

వాగు మీదికి వంగిన ఈతచెట్టు కొమ్మన పుల్లయ్య అనే గిజిగాడు ఉండేవాడు. ఉండేవాడంటే ఇల్లూ వాకిలీ కుదిరి ఉండేవాడని కాదు. వాడి గూడు ఇంకా సగంలోనే, బోర్లించిన టోపీలా వేలాడుతోంది. గిజిగాళ్ళలో గూడు అల్లే పని మగవాడిదే. సగం అల్లి ఆగాలి. ఆడపిట్ట వచ్చి పోచలు లాగి చూసి, గాలికి ఊగి చూసి, సరేనంటే అప్పుడు మిగతా సగం అల్లి కిందికి గొట్టం దించాలి. అలా అయితేనే సంబంధం ఖాయం.

నూకాలు అనే పిట్ట వచ్చి చూసింది. సరేనంది కూడా.

"అల్లిక బాగుంది మావా. ముసురు పట్టేలోగా గొట్టం దించీసినావా, నీ గూట్లోనే కాపురం. లేదంటే పక్క కొమ్మ మీద ఆడి గూడు కూడా సూసే ఉంచినాను," అని మొహం మీదే చెప్పి ఎగిరిపోయింది.

ముసురుకి ఆట్టే వ్యవధి లేదు. ఇంకొకడైతే నోరు మూసుకుని అల్లుకునేవాడు. పుల్లయ్యకి మాత్రం, గడ్డిపోచలతో పాటు మాటలు కూడా బాగా అల్లగలనని ఒక నమ్మకం. ఆ నమ్మకం నిజమే కావడం వాడి ఖర్మ.

కొండ మీద సెల్ టవర్ లేచిన దగ్గర్నుంచి, వనభోజనాలకొచ్చిన మనుషులు పారేసుకుపోయిన ఫోన్లు ఒక్కొక్కటిగా అడవిలో అందరికీ అందాయి. ఫోన్లు వచ్చాక గ్రూపు వచ్చింది. గ్రూపు అన్నాక అందులో నక్క ఉండకుండా ఉంటుందా? ఆ నక్క జంబులింగం గారు ఒక ప్రకటన పెట్టాడు. 'ఇంట్లో కూర్చుని రాయండి, గింజలు సంపాదించండి. అనుభవం అక్కర్లేదు.'

పుల్లయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. మేతకి తిరిగితే సగం పగలు పోతోంది. గింజలు గూటికే వస్తే ఆ పొద్దంతా అల్లుకోవచ్చు. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

"నమస్కారం జంబులింగం గారూ, రాయడానికి వచ్చాను," అన్నాడు నక్క బొరియ ముందు వాలి.

"రండి రండి. అనుభవం ఉందా?"

"అక్కర్లేదని పెట్టారు కదండీ."

"అక్కర్లేదు. లేదు కాబట్టి రేటు తక్కువ, అంతే. వ్యాసానికి చారెడు జొన్నలు."

"వ్యాసం ఎంత ఉండాలండీ?"

జంబులింగం తన తోకని ముందుకు తెచ్చి నేల మీద బారుగా పరిచాడు. "ఇంత. పైనుంచి కింద దాకా తోకకి సరిపోవాలి. తగ్గితే కోత పెడతాను, పెరిగితే సంతోషిస్తాను."

"పెరిగితే గింజలు పెరుగుతాయా?"

"మీరు కొత్తవారు కదా, ముందు పేరు సంపాదించండి. గింజల మాట తర్వాత."

మొదటి వ్యాసం 'వేసవిలో తోక సంరక్షణ'. ప్రతి పేరాలోనూ 'మెరిసే తోక' అన్న మాట రావాలని షరతు. పుల్లయ్య ముక్కుతో ఒక్కొక్క అక్షరం నొక్కి, ముక్కు వాచేలా రాసి పంపాడు. జంబులింగం ఫోన్ని నేల మీద పెట్టి, తోక పక్కన పెట్టి కొలిచాడు. చదవలేదు. కొలిచాడంతే.

"సరిపోయింది. కానీ ఫీల్ లేదండీ."

"చదవకుండానే?"

"ఫీల్ అనేది చూడగానే తెలుస్తుంది. మార్చి రాయండి."

మార్చి రాశాడు. ఇంకా మార్చమన్నాడు. ఇంకా మార్చాడు. చివరికి, "ఇవన్నీ ఎందుకు, మొదట రాసిందే బాగుంది, అదే పంపండి," అన్నాడు. పుల్లయ్యకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పంపాడు. చారెడు జొన్నలు వచ్చాయి. ఊదితే సగం ఎగిరిపోయాయి, ఆ సగమూ తాలే.

"జంబులింగం గారూ, ఇవి తాలు గింజలండీ."

"గింజల్లో తాలు ఉండదా? మీ వ్యాసంలో ఉన్నంతే ఉంది. ఇష్టం లేకపోతే చెప్పండి, పిచ్చుకలు గుప్పెడు తవుడుకే రాస్తామని లైన్లో నిలబడి ఉన్నాయి."

అదీ నిజమే. పిచ్చుకలు నిలబడే ఉన్నాయి. వాటిని చూసి పుల్లయ్య హడలిపోయి ఇంకో వ్యాసం ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఇంకోటి. ఒకరోజు 'పుట్టలో తేమ తగ్గించే చిట్కాలు' అని పాముల కోసం రాయాల్సి వచ్చింది. రేపు తన గూట్లో గుడ్లుంటే వాటి కోసం పాక్కుంటూ వచ్చేది ఆ పామే. దానికి ఇల్లు ఆరోగ్యంగా ఉంచుకునే మార్గం తాను చెబుతున్నాడు, అదీ తాలు గింజలకి.

నూకాలు వచ్చింది. గూడు చుట్టూ తిరిగింది. ఉన్నది ఉన్నట్టే ఉంది. పోచ కదల్లేదు, గొట్టం జాడ లేదు.

"ఏటి మావా, ఇది ఎండిపోతంది. నువ్వు సేస్తన్నదేటి?"

"రాస్తున్నాను నూకాలూ."

"రాసి?"

"గింజలు సంపాదిస్తే తీరిగ్గా అల్లుకోవచ్చు కదా అని."

"సంపాదించినావా?"

"ఇంకా లేదు."

"అల్లినావా?"

"తీరిక లేదు."

"మేతకెళ్ళినావా? అదీ లేదు, సిక్కిపోయినావు. మరైతే నీకేటి మిగిలింది?"

"పేరొస్తుందన్నారు."

"ఎవులికి?"

నూకాలు పక్క కొమ్మ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు పుల్లయ్య గుండెలో ముల్లులా దిగింది.

సరిగ్గా అప్పుడే జంబులింగం స్వయంగా ఈతచెట్టు కిందికి వచ్చాడు. నక్క నడిచి వచ్చిందంటేనే అనుమానించాలి. పుల్లయ్య మురిసిపోయాడు.

"పుల్లయ్య గారూ, మీ దశ తిరిగింది. కొండతేనె అమ్మే ఎలుగుబంటి అప్పలకొండ గారు తెలుసు కదా. ఆయన తేనె గురించి మనసుకి హత్తుకునేలా ఒక రచన కావాలట. కుదిరితే బుట్టెడు చోళ్ళు."

చోళ్ళంటే రాగులే. బుట్టెడుంటే ముసురంతా కూర్చుని తినొచ్చు. మేతకి తిరగక్కర్లేదు, పొద్దంతా అల్లికే. గొట్టం దించేయొచ్చు.

"రాస్తానండీ, ఇప్పుడే రాస్తాను."

"ముందు సాంపిల్ కావాలి. దానికి గింజలుండవు. మీ గిజిగాళ్ళకి నేను చెప్పాలా? గూడు చూపించే కదా పిల్లని ఒప్పిస్తారు. ఇదీ అంతే, మీ ఆచారమే."

ఆ మాట నేరుగా వెళ్ళి తగిలింది. ఇంకే పిట్ట అయినా ఊరికే ఎందుకు రాయాలని అడిగేది. గిజిగాడి పుట్టుకే సాంపిల్ చూపించే పుట్టుక. పుల్లయ్య అడగలేదు. అల్లిక మానేసి, మేత మానేసి, పూలకీ పూలకీ మధ్య తేనెటీగ పడే పాటు దగ్గర్నుంచి మొదలుపెట్టి, నాలుక మీద తేనెబొట్టు కరిగేదాకా మొత్తం రాసి ఇచ్చాడు. అంత బాగా వాడు ఎప్పుడూ రాయలేదు.

"అయ్యో, సెలెక్ట్ కాలేదండీ," అన్నాడు జంబులింగం. "మరోసారి ప్రయత్నించండి."

మర్నాడు గ్రూపులో ఆ రచన వచ్చింది. అక్షరం మారలేదు. కింద 'రచన: జంబులింగం' అని ఉంది. జింకలు చప్పట్లు పెట్టాయి, కోతులు పూలగుత్తులు పెట్టాయి. సొమ్మొకడిది, సోకొకడిది.

పుల్లయ్య ఒళ్ళు మండిపోయి వాగు గట్టున వాలాడు. అక్కడ నీళ్ళు తాగుతున్న గాడిద గంగన్న ఆ ఫోన్ చూసి తలాడించాడు.

"నీదేనా తమ్ముడూ? పోయిన ముసురుకి పుట్టతేనె మీద నాది ఇలాగే సెలెక్ట్ కాలేదు. ఆయన పేరుతో అయింది."

"మరి నువ్వు అడగలేదా అన్నా?"

"అడిగాను. పెద్ద మనసు చేసుకోమన్నాడు. చేసుకున్నాను." గంగన్న మళ్ళీ నీళ్ళలో మూతి పెట్టాడు. పుల్లయ్యకి ఆ ఓర్పు చూస్తే నక్క మీద కంటే ఎక్కువ కోపం వచ్చింది.

కోపమంతా తెచ్చి నూకాలు దగ్గర వెళ్ళగక్కాడు. నూకాలు జాలిపడలేదు.

"తప్పు నీదే మావా."

"నాదా? సాంపిల్ చూపించడం మన ఆచారం కాదా?"

"మాకు నువ్వు సూపించిందేటి? సగం గూడు. అందులో గుడ్డెడితే కిందకి జారి వాగులో పడతాది. అందులో కాపురం సెయ్యలేం కాబట్టే దాన్ని సూపిస్తారు. నక్కకి నువ్విచ్చింది గొట్టం దించీసిన గూడు. అది దూరి తొంగుంది. తొంగోదా?"

పుల్లయ్య తన సగం గూడు వైపు తిరిగి చూశాడు. ఆకాశంలో దక్షిణం వైపు మబ్బు కమ్ముతోంది.

అప్పలకొండకి ఆ తేనె రచన తెగ నచ్చింది. కొత్త అంగడి తెరుస్తున్నాడు, తమ తాత కథ కావాలన్నాడు. ఆ తాత తీగ పట్టుకుని కొండచరియ దిగి మొట్టమొదటి తేనెపట్టు తెచ్చాడని చెప్పుకోవడమే తప్ప, ఎలా తెచ్చాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. రాసినవారే అంగడి దగ్గర అందరి ముందూ చదవాలన్నాడు.

జంబులింగం మళ్ళీ ఈతచెట్టు కిందికి వచ్చాడు.

"పుల్లయ్య గారూ, ఈసారి ఖాయం. సాంపిల్ ఒకటి పడేయండి."

"అలాగేనండీ. మా ఆచారం ప్రకారమే ఇస్తాను."

"శుభం."

పుల్లయ్య రాశాడు. కథ పైనుంచి కిందికి సరిగ్గా నక్క తోకంత. జంబులింగం ఫోన్ పక్కన తోక పెట్టి కొలిచి, ఎప్పట్లాగే చదవకుండా చంకలో పెట్టుకుని పోయాడు. ఎప్పట్లాగే, "సెలెక్ట్ కాలేదండీ," అని కబురు పంపాడు.

అంగడి తెరిచే పూట అడవంతా వచ్చింది. అప్పలకొండ జంబులింగం మెడలో దండ వేసి బండ మీదికి ఎక్కించాడు. జంబులింగం గొంతు సవరించి చదవడం మొదలుపెట్టాడు. తాత తీగ కట్టాడు. చరియ దిగాడు. ఈగలు ముసిరాయి. ఒక చేత్తో తేనెపట్టు, ఒక చేత్తో తీగ. పైన తీగ ఒక్కొక్క పేటే తెగుతోంది. జింకలు ఊపిరి బిగబట్టాయి. 'పటుక్కున చివరి పేట కూడా...' అని చదివి జంబులింగం వేలితో ఫోన్ తెరని పైకి తోశాడు. ఇంకేమీ లేదు. కిందికి తోశాడు. అదీ చదివిందే.

"తర్వాత?" అన్నాడు అప్పలకొండ.

"తర్వాత... అంతేనండీ."

"అంతేనేటి? మా తాతని గాల్లో ఏలాడదీసి అంతే అంటావేటి?"

"అంటే, పడిపోయాడండీ పాపం."

"అప్పటికి మా తాతకి పెళ్ళే అవ్వలేదు. పడిపోతే నానెక్కడి నుంచి వొచ్చినాను?"

జనం నవ్వారు. జంబులింగం నవ్వబోయి ఆపాడు. "అయితే పైకి ఎక్కాడండీ."

"తీగ తెగిపోయింది గదా, ఏటి పట్టుకుని ఎక్కినాడు? నువ్వు రాసినావా, కలలో కన్నావా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాశానంటే మిగతాది చెప్పాలి. రాయలేదంటే ఇన్నాళ్ళ దండలూ ఎవరివో చెప్పాలి. జంబులింగం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఎలుగుబంటి ఒక అడుగు ముందుకు వేసింది. అంతే, దొంగ నోరు విప్పాడు.

"నేను రాయలేదండీ. ఆ పుల్లయ్య రాశాడు."

"మరి పోయినసారి రాసిందెవులు?"

"అదీ ఆయనే."

"అంతకు ముందుది?"

"నేను," అన్నాడు వెనక నుంచి గంగన్న. జీవితంలో మొదటిసారి గట్టిగానే అన్నాడు.

"ఒక్కోదానికీ నానిచ్చిన బుట్టెడు చోళ్ళు ఎవుడు తిన్నాడైతే?"

దానికి జవాబు చెప్పక్కర్లేదు. అందరూ జంబులింగం పొట్ట వైపు చూశారు. అప్పలకొండ దండ లాగేసుకుని, తల ఎత్తి, బండ పక్క చెట్టు మీద వాలి ఉన్న పుల్లయ్యని చూశాడు.

"బాబూ, మిగతా కథ నీకాడ ఉందా?"

"ఉందండీ."

"సెప్పీ మరి. మా తాతకి సెయ్యి నొప్పెడతంటాది."

అన్ని మొహాలూ పైకి తిరిగాయి. అంతమంది తన మాట కోసం ఎదురుచూడటం పుల్లయ్య ఎన్నడూ ఎరగడు. చెప్పేయాలని ముక్కు దానంతటదే తెరుచుకుంది. పాత అలవాటు. పక్క కొమ్మ మీద నూకాలు వాణ్ణే చూస్తోంది. పుల్లయ్య నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి చెప్పాడు.

"చోళ్ళు ముందండీ."

అప్పలకొండ ఒక్క క్షణం గుర్రుమన్నాడు. పుల్లయ్య ప్రాణం లేచిపోయింది గానీ కొమ్మ మీంచి కదల్లేదు.

"తేనె నాను ఊరికే పోస్తానేటి? నాయమే," అని బుట్టెడు చోళ్ళు తెప్పించి పుల్లయ్య ఈతచెట్టు మొదట్లో పెట్టించాడు.

అప్పుడు పుల్లయ్య మిగతా కథ చెప్పాడు. తీగ తెగింది. తాత పడ్డాడు. పడ్డా తేనెపట్టు మాత్రం వదల్లేదు, ఎలుగుబంటి కదా. కింద పెద్ద మద్దిమాను ఉంది. పట్టు ముందు తగిలింది, దాని మీద తాత తగిలాడు, ఆ తేనె జిగురుకి మానుకి అతుక్కుపోయాడు. పట్టు నాకుతూ నాకుతూ మెల్లిగా నేలకి దిగాడు. అప్పలకొండ పొట్ట పట్టుకుని నవ్వి, "మా తాతే, అనుమానం లేదు," అన్నాడు.

ఆ పూట నుంచి పుల్లయ్య మేతకి కదల్లేదు, ఫోన్ ముట్టుకోలేదు. ఆకలైతే దిగి నాలుగు చోళ్ళు తిన్నాడు, మిగతా పొద్దంతా అల్లాడు. రెల్లు చీల్చి తెచ్చాడు, ముడి మీద ముడి వేశాడు. మొదటి చినుకులు పడుతున్నప్పుడు గొట్టం చివరి పోచ బిగించాడు. నూకాలు గొట్టంలోంచి దూరి లోపల చాలాసేపు తిరిగింది. పుల్లయ్య తడుస్తూ బయట వేలాడాడు. ఆమె తిరిగి బయటికి రాలేదు.

వాన పెద్దదైంది. చెట్టు కింద, ఒళ్ళంతా తడిసి జంబులింగం నిలబడ్డాడు. బొరియలోకి నీళ్ళొచ్చాయి, పిచ్చుకలు కూడా మొహం చాటేశాయి.

"పుల్లయ్య గారూ, చిన్న పని. మీ పేరే పెడతాను. ఒక్క చిన్న సాంపిల్..."

గొట్టం చివర నూకాలు తల బయటికి వచ్చింది.

"గింజలు తెచ్చినావా?"

"తెస్తానమ్మా, ముందు రాసిస్తే..."

"తెచ్చినాకే రా, బాబూ," అని తల లోపలికి లాక్కుంది. జంబులింగం కాసేపు పైకి చూసి, మెరవని తోక ఈడ్చుకుంటూ వానలో వెళ్ళిపోయాడు.

రుచి చూపించడానికి వేలి కొసంత చాలు. కుండ చేతికిస్తే తిన్నవాడు మూతి తుడుచుకుని పోతాడు.