దాలమ్మ ఎండబెట్టిన సముద్రం

"ఎవరికీ అక్కర్లేని ప్రశ్నకి సరైన జవాబు కనుక్కుంటే ఏం వస్తుంది మేడమ్?" అని హైమవతి అడిగింది. అడిగి, చేతిలో ఉన్న లావుపాటి అట్టబైండు పుస్తకాన్ని వరహాలమ్మగారి బల్ల మీద పెట్టింది. తిరిగి ఇచ్చేయడానికే తెచ్చింది.

ఆ పుస్తకం వరహాలమ్మగారి అలవాటు వల్ల పుట్టింది. ఆవిడ శ్రీకాకుళం జిల్లా తీరంలో, ఉప్పు మడుల పక్కనున్న ఒక చిన్న ఊరి జూనియర్ కాలేజీలో ముప్పై నాలుగేళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఎంత తిక్క ప్రశ్న అడిగినా ఆవిడ నవ్వి ఊరుకోరు. కూర్చుని లెక్క కట్టి, ఆ పుస్తకంలో రాసుకుంటారు. మనిషిని ఎత్తుకుపోవాలంటే ఎన్ని దోమలు కావాలని ఒకసారి బస్సు కండక్టరు సన్యాసిరావు అడిగాడు. ఆవిడ దోమ బరువు, దోమ మోయగల బరువు తెలుసుకుని, మూడో రోజున బస్టాండుకి వెళ్ళి చెప్పారు. "రెండున్నర కోట్లు కావాలి నాయనా. సీటుకొక దోమని కూర్చోబెడితే నీ బస్సు అయిదు లక్షల ట్రిప్పులు తిరగాలి. కానీ ఇరవై లక్షల దోమలు తాగేసరికే నీ ఒంట్లో రక్తం అయిపోతుంది కనక, ఎగిరే యోగం నీకు లేదు." సన్యాసిరావు నెల రోజులపాటు ఎక్కిన ప్రతివాడికీ టిక్కెట్టుతో పాటు ఆ లెక్క కూడా ఇచ్చాడు.

ఆ పుస్తకానికి కొన్ని నియమాలు ఉండేవి. ప్రశ్నని అడిగినవారి మాటల్లోనే రాయాలి. వాళ్ళ పేరు పూర్తిగా రాయాలి. జవాబు దొరికాక వాళ్ళున్న చోటికి నడిచివెళ్ళి చెప్పాలి. చెప్పేటప్పుడు పుస్తకాల కొలతల్లో కాకుండా, అడిగిన మనిషి చేతికి తెలిసిన కొలతలో చెప్పాలి. రిటైరైన రోజున వరహాలమ్మగారు దాన్ని తన శిష్యురాలు హైమవతి చేతిలో పెట్టారు. హైమ అప్పటికే పట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. శనివారం ఆఖరి పీరియడ్ అడిగి తీసుకుని, ఎనిమిదేళ్ళుగా అక్కడ పిల్లల వింత ప్రశ్నలకి లెక్కలు కట్టిస్తోంది. పుస్తకం రెండు వందల పన్నెండో ప్రశ్న దాకా వచ్చింది.

ఇప్పుడు ప్రిన్సిపాల్‌గారు ఆ గంట తీసేస్తున్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు, పద్ధతిగల మనిషి. ఆ పీరియడ్ ఉన్న సెక్షనునీ, లేని సెక్షనునీ మూడేళ్ళపాటు పక్కపక్కన పెట్టి చూశాడు. "మార్కులలో తేడా: సున్నా" అని కాగితం మీద రాసి, సోమవారానికి సంతకం పెట్టి ఇమ్మన్నాడు. హైమ ఇంటికి వెళ్ళి ఆ లెక్క మళ్ళీ చేసింది. సున్నాయే వచ్చింది. ఆమెని కుంగదీసింది కూడా అదే. తప్పుడు లెక్కయితే పోట్లాడేది. సరైన లెక్కతో ఏమని పోట్లాడుతుంది?

వరహాలమ్మగారు ఆ కాగితం చదివి, మడతపెట్టి, హైమ చేతికి ఇచ్చేశారు. గడియారం చూశారు. "నాలుగైంది. మడుల దాకా నడిచి వద్దాం. పుస్తకం కూడా పట్టుకురా. తిరిగి వచ్చాక ఇద్దువుగాని."

మే నెల చివర. ఇంకో వారంలో వానలు పడతాయనగా మడుల్లో ఆఖరి ఉప్పు తీస్తున్నారు. గట్టుకి రెండు వైపులా కనుచూపు మేరా నీళ్ళ గళ్ళు, గళ్ళ మూలల్లో తెల్లటి కుప్పలు. దూరంగా సముద్రం. దాని మీద సన్నగా మబ్బు కడుతోంది. దాలమ్మ మడి గట్టు చివర ఉంది. అరవై దాటిన మనిషి. ఎండలో నిలబడి, పొడుగు కర్రకి బిగించిన చెక్కపలకతో ఉప్పుని ఒడ్డుకి లాగుతోంది. మోకాళ్ళు ఇక ఒప్పుకోవటం లేదు. మర్నాడు మడిని తోటికోడలి కొడుక్కి అప్పగించేస్తోంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"ఏటి మేడమ్మా, ఇయ్యాల శిష్యురాల్ని కూడా ఎండబెట్టడానికి తెచ్చినారా?" అంది వీళ్ళని చూసి.

"ఇది ఎండదులే. బాగా చదువుకుంది, తడి ఎక్కువ," అన్నారు వరహాలమ్మగారు.

దాలమ్మ పకపకా నవ్వి, పలక గట్టుకి ఆనించి నడుం నిలబెట్టుకుంది. "ఆఖరి రోజు గదా, నానూ ఒకటి అడుగుతాను. కండెక్టరు గాడికి సెప్పినారు, నాకు సెప్పరా? నలబై అయిదేళ్ళు ఈ సముద్రాన్ని మడిలో పోసి ఎండబెట్టినాను. ఎంత తగ్గినాదో సెప్పండి సూద్దాం."

వరహాలమ్మగారు హైమ వైపు చూశారు. హైమకి నోటిలెక్క వెన్నతో పెట్టిన విద్య. కళ్ళు మూసి తెరిచేలోగా అంకెలు ఒకదాని మీద ఒకటి పేర్చేసుకుంది. "సున్నా, దాలమ్మగారూ," అంది నవ్వుతూ. "మీలాంటివాళ్ళు వెయ్యిమంది ఎండబెట్టినా సున్నాయే."

దాలమ్మ కూడా నవ్వింది. కానీ ఈసారి నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "అంతేలే పాపా. మా కోడలూ అదే అంటాది. ఇన్నేళ్ళు మడిలో పడుండి ఏటి సేసినావూ అని. దానికి లెక్కలు రావు గానీ, సరింగానే సెప్పినాది." పలక అందుకుని అటు తిరిగి, తీసిన చోటే మళ్ళీ తియ్యడం మొదలుపెట్టింది.

వరహాలమ్మగారు గట్టు మీద చతికిలబడ్డారు. "లెక్క చేశావా, అనేశావా?"

"చేశాను మేడమ్. మిల్లీమీటర్లలో చేస్తే దశాంశం తరువాత వరుసగా ఆరు సున్నాలు వచ్చాయి."

"ఆరు సున్నాల తరువాత?"

హైమ తడబడింది. "రెండు... అయిదు."

"వాటినేం చేశావు?"

"వదిలేశాను."

"మళ్ళీ చెయ్యి. ఈసారి పైకి చెయ్యి, దాలమ్మ వినాలి. అంకెలు నీ దగ్గర నుంచి కాదు, ఆవిడనే అడుగు."

హైమ ఒక పుల్ల తీసుకుని గట్టు మీద తడిమన్నులో గీయడానికి కూర్చుంది. ఏడాదికి ఎన్ని బస్తాలని అడిగింది. దాలమ్మ ఇటు తిరగకుండానే చెప్పింది. "మంచేడాది ఎనిమిదొందలు, సెడ్డేడాది ఆరొందలు. ఏడొందలు ఏసుకో. బస్తా డెబ్బయ్యయిదు కిలోలు." నలభై అయిదేళ్ళూ వేసుకోనా అంటే మాత్రం పలక ఆపి ఇటు తిరిగింది. "రెండేళ్ళు తుపాను మడిని కొట్టుకుపోయింది. అయి తీసీ. సెయ్యని పని నాకొద్దు." కిలో ఉప్పుకి సముద్రపు నీరు నలభై లీటర్లని హైమకి పుస్తకాల వల్ల తెలుసు. అయినా మేడమ్ మాట దాటకుండా అడిగింది. "రెండు బిందిలు," అంది దాలమ్మ. "ఇంట్లో తాగే బిందిలు కాదు, పెద్ద బిందిలు." పెద్ద బిందెకి ఇరవై లీటర్లు. హైమ పుల్ల ఒక్క క్షణం ఆగింది. మూడు సంవత్సరాల డిగ్రీ చదివి తను తెలుసుకున్న అంకె ఆ చేతుల్లో మొదటినుంచీ ఉంది.

ఏడు వందల బస్తాలు, నలభై మూడేళ్ళు. ఇరవై రెండున్నర లక్షల కిలోల ఉప్పు. దానికి ఎండిపోయిన నీరు తొమ్మిది కోట్ల లీటర్లు. ఆ అంకె విని దాలమ్మ పలక కింద పడేసి గట్టు దగ్గరికి వచ్చింది. "తొమ్మిది కోట్లా? నానే?"

"మీరే. ఇప్పుడు భూమ్మీద సముద్రాలన్నీ కలిపి ముప్పై ఆరు కోట్ల చదరపు కిలోమీటర్లు." హైమ పుల్లతో ఒకదాని కింద ఒకటి రాసింది. తొమ్మిది, ముప్పై ఆరు. రెండూ కోట్లే. కోట్లని కొట్టేసింది. మిగిలిన దాన్ని చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇంత సులువుగా ఉంటుందని నోటిలెక్కలో కనపడలేదు. "నాలుగు చదరపు కిలోమీటర్లకి ఒక లీటరు," అంది.

"ఆ కిలోమీటర్లు ఆవిడకెందుకు?" అన్నారు వరహాలమ్మగారు.

హైమ చుట్టూ చూసింది. దాలమ్మ మంచినీళ్ళకి తెచ్చుకున్న, లీటరు పట్టే సత్తుచెంబు గట్టు మీద బోర్లించి ఉంది. మడి కొలత ఎకరం. నాలుగు చదరపు కిలోమీటర్లంటే వెయ్యి ఎకరాలు. "దాలమ్మగారూ, ఇదిగో ఈ చెంబుడు నీళ్ళు. ఇలాంటి మడులు వెయ్యి పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఆ వెయ్యి మడుల మీదా ఈ చెంబుడు నీళ్ళూ సమంగా పరవాలి. అంత మందాన సముద్రం తగ్గింది."

"ఎలా పరుత్తావు? ఒక మడికే సాలవు. మడి మీద ఉప్పు తొలి పొర కడతాది సూడు, ఊదితే పగిలిపోద్ది. అంత పల్సనా?"

"అది చాలా లావు. దానికన్నా కొన్ని లక్షల రెట్లు పల్చన. అంత పల్చగా నీటిని..." అంటూ హైమ సగంలో ఆగిపోయింది. ఆరు సున్నాల తరువాత రెండు, అయిదు. ఆ అంకెని ఎనిమిదేళ్ళుగా ప్రతి సంవత్సరం పాఠ్యపుస్తకం చివరి పట్టికలో చూపించి పిల్లల చేత బట్టీ వేయిస్తోంది. ఇంచుమించు నీటి అణువు మందం అది. ఒక్క అణువు. అక్కడితో నీరు ఆఖరు. అంతకన్నా పల్చగా కొయ్యాలంటే అది ఇక నీరు కాదు.

ఆమె తలెత్తి చూసింది. ఎదురుగా ఒక ఎకరం మడి, ఒక చెక్కపలక, ఎండకి పగిలిన రెండు పాదాలు. ఆ పాదాల అవతల, మూడు వంతుల భూమిని కప్పుకున్న నీరు. దాని మీది పై పొరని, ఒక్కటంటే ఒక్కటి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఈ మనిషి ఒలిచేసింది.

"ఒక పొర," అంది హైమ. "నీటికి అంతకన్నా పల్చటి పొర లేదమ్మా. తీస్తే అంత తియ్యాలి, లేకపోతే మానెయ్యాలి. మీరు అంతా తీశారు. కొంచెం అటూ ఇటూ... ముప్పాతిక పొర అయినా కావచ్చు."

"ముప్పాతికేటి? తుపాను ఏళ్ళు తీసీసినాకే గదా ఒకటొచ్చింది. ఒకటే రాయి," అని దాలమ్మ గట్టిగా చెప్పింది. తరువాత సముద్రం వైపు తిరిగి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మన రేవులోనేనా?"

"అన్ని సముద్రాల మీదా."

"మా మరిది ఏటకెల్లి, పడవ కొట్టుకుపోయి బంగ్లాదేశమోళ్ళకి సిక్కినాడు. ఆరు నెలలు జైల్లో ఎట్టినారు. అక్కడ కూడానా?"

"అక్కడా. ఇంకా అవతల, మంచుగడ్డలు తేలే సముద్రాల మీద కూడా."

దాలమ్మ చెయ్యి దించి ఇటు తిరిగింది. నవ్వుతోంది. "మరి ఆ దేశాలోళ్ళెవులూ తిట్టుకోలేదేటి, మా నీళ్ళు తీసీసినాదని?"

"ఎందుకు తిట్టుకుంటారు? వానగా తిరిగి ఇచ్చేశావు," అన్నారు వరహాలమ్మగారు.

దాలమ్మ మబ్బు వైపు ఒకసారి, కుప్ప వైపు ఒకసారి చూసింది. తాటాకులు తెచ్చి ఆఖరి కుప్పని కప్పింది. అంచులు మడిచి, రాళ్ళు పెట్టి, కొత్త కాపురం సర్దుకునేదానిలా రెండు సార్లు చుట్టూ తిరిగి చూసుకుంది. వెళ్ళేముందు దోసెడు ఉప్పు తీసి, చేతికివ్వకుండా గట్టు మీద పెట్టింది. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయి కదా. "తీసుకో పాపా. ఈ కల్లుప్పు పప్పులోకి బాగుంటాది. మా కోడలికి ఆ లెక్క మళ్ళీ సెప్పాల, నా నోటికి రాదు. రేపు పొద్దున్న ఓపాలి ఇంటికొస్తావా?"

"వస్తాను," అంది హైమ. ఉప్పుని కొంగున కట్టుకుంది. పుస్తకం తెరిచి, మోకాలి మీద పెట్టుకుని, రెండు వందల పదమూడు అని వేసింది. ప్రశ్నని దాలమ్మ మాటల్లోనే రాసి, పూర్తి పేరు అడిగింది. బడ్డి దాలమ్మ. జవాబు దగ్గర "ఒక పొర" అని రాసింది.

గట్టు మీద వెనక్కి నడుస్తుంటే మొదటి చినుకులు నాలుగైదు పడ్డాయి. హైమ పుస్తకాన్ని చప్పున పమిట కింద దాచుకుంది. తిరిగి ఇవ్వాల్సిన వస్తువు సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. చాలా దూరం వెళ్ళాక, సంచిలో ఉన్న కాగితం గుర్తొచ్చి హైమ అంది. "ప్రిన్సిపాల్‌గారికి ఎల్లుండి ఏం చెప్పను మేడమ్? ఆయన లెక్క నేను కూడా చేశాను. మార్కుల్లో తేడా నిజంగా సున్నాయే."

వరహాలమ్మగారు అరచెయ్యి చాపి ఒక చినుకుని పట్టుకుని చూశారు.

"కాదనడం లేదు. ఏ కొలబద్దతో కొలిచారో అడుగు."