వంటింట్లోంచి రాని పలుకు

"ఒక్క మనిషికి ఇన్ని పెసరట్లా? ఎవడయ్యా ఈ పేజీ రాసింది?"

మెస్సు నడిపే రత్తాలమ్మ వేసిన ఆ కేక సందు చివరిదాకా వినబడింది. రాసినవాడు మార్కండేయులు. ఇరవయ్యేళ్ళు బ్యాంకుల్లో తెరవెనక నడిచే సర్వర్లకు ప్రోగ్రాములు రాసి, ఉన్న ఉద్యోగం ఊడాక, జనం ఫోన్లలో కనబడే పేజీలు కట్టడం కొత్తగా నేర్చుకుంటున్నవాడు. సోమవారం కొత్త కంపెనీవాళ్ళకు చూపించడానికి అతని చేతిలో ఉన్నదల్లా ఈ మెస్సు పేజీయే.

అతను ఉరుక్కుంటూ వెళ్ళేసరికి సంగతి ఇదీ. ఆటో నడిపే యాదగిరి ఆర్డరు బటన్ నొక్కాడట, తెరమీద ఏదీ కదల్లేదట. మళ్ళీ నొక్కాడట. విసుగొచ్చి నొక్కుతూనే ఉన్నాడట. నొక్కినన్ని పెసరట్లూ పెనమెక్కాయి. మార్కండేయులికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరంతా ఒక్కసారే అడిగినా తన సర్వరు ఒక్క ఆర్డరు జారవిడవదనీ, ఓపికలేని జనానికి తానేం మందు వెయ్యగలననీ అరిచాడు. సాయంత్రానికల్లా ఆ పేజీ పీకించేస్తానంది రత్తాలమ్మ.

ఆ పోట్లాట అలాగే మేడమెట్లెక్కి, అతనికి పాఠం చెప్పే పరంధామయ్యగారి ఇంట్లోకి వచ్చింది. వెనకాలే యాదగిరీ వచ్చాడు.

"గురువుగారూ, తప్పు నాదా, ఆగలేనివాళ్ళదా?"

పరంధామయ్యగారు అడిగినదానికి తిన్నగా జవాబిచ్చే మనిషి కారు. ముందు భోంచెయ్యమని మార్కండేయులొక్కడికే విస్తరి వేసి, పప్పు వడ్డించి వంటింట్లోకి వెళ్ళారు.

అతను అన్నం అడిగాడు. లోపల ఉలుకూ పలుకూ లేదు. కాసేపాగి మళ్ళీ అడిగాడు. గిన్నె చప్పుడైనా లేదు. అసలు ఉన్నారో, వెనకమెట్ల దారిన వెళ్ళిపోయారో తెలీక, ఒళ్ళు మండి, గొంతు చించుకుని అడిగాడు. అప్పుడొచ్చారాయన. ఎన్నిసార్లు అడిగితే అన్ని గరిటెల అన్నం కుమ్మరించారు. అది విస్తరి దాటి నేలమీద పడింది.

"ఏమిటండీ ఇది? వస్తున్నానని ఒక్కమాట అంటే మళ్ళీ అడిగేవాణ్ణా?"

అనేశాక అతని చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది.

"గప్పటిసంది నేను చెప్తున్నది గదే గద సారూ," అన్నాడు యాదగిరి.

మార్కండేయులు రత్తాలమ్మ వంక చూడకుండానే, నొక్కిన మరుక్షణం బటన్ మూసుకునేలా, ఆర్డరు వెళ్తోందని తెరమీద కనబడేలా ఇప్పుడే మారుస్తానన్నాడు. గొంతులో కోపం ఇంకా దిగలేదు. సోమవారం దాటేదాకా పేజీ జోలికి పోనంటూ, కొంగు దోపుకుని ఆవిడా నేలమీద కూర్చుంది.

గురువుగారు అందరికీ విస్తళ్ళు వేసి, తానూ ఒకటి ముందు పెట్టుకున్నారు.

"లోపల నా పని నేను సరిగ్గానే చేశాను నాయనా," అన్నారు ముద్ద కలుపుతూ. "ఇవతల నువ్వు కూర్చున్నావన్నదే మరిచాను."