కవచంలో ఇద్దరు

మీరే చెప్పండి, చిల్లులు పడ్డ పాత ఇనుమును చూపించి "వీరుడిది" అంటే, ఏ వీరుడని అడక్కుండా దణ్ణం పెట్టేస్తారా, లేదా? ఏటిగడ్డ రాజుగారు వసంతరాయలైతే రోజూ పెట్టేవారు.

ఆయనకు పాత యుద్ధ సామాన్ల పిచ్చి. విరిగిన కత్తి, సొట్టపడ్డ డాలు, ఆఖరికి గుర్రపు నాడా, ఎవరేం తెచ్చినా కోటలో చోటుండేది. వాటి తుప్పు వదిలించి, నూనె పట్టించి, ఏది ఎవరిదో గుర్తుపట్టే పని నాంచారిది. ఇరవై ఏళ్ళుగా ఆయుధశాల తాళాలు ఆమె నడుముకే వేలాడేవి.

ఒకరోజు రుద్రప్ప అనే ఆయుధ పండితుడు ఒక ఉక్కు కవచాన్ని సభలోకి మోయించుకొచ్చాడు. అతని బిరుదులు చదవడానికే అరగంట పట్టింది.

"ప్రభూ, రావులకొండ యుద్ధంలో మీ తాతగారు తొడిగింది ఇదే. రొమ్ము మీద ఏడు బల్లెం పోట్లు. అప్పట్నుంచి దీన్ని ఎవరూ ముట్టుకోలేదు."

రాజుగారి కళ్ళు చెమర్చాయి. "ఏం కావాలో కోరుకో."

"ఆయుధశాల తాళాలు. ఈ నాంచారి చరిత్రనంతా ఇటుకపొడితో తోమేస్తోంది. ఆమెను పంపించేయండి."

రాజుగారు నాంచారి వైపు తిరిగారు. "ఏమంటావు? ఇది తాతగారిది కాదని ఇక్కడే తేలిస్తే తాళాలు నీ దగ్గరే ఉంటాయి. లేదంటే అతనికి."

నాంచారి నూనెగుడ్డతో కవచాన్ని ఒక్కసారి తుడిచింది. గుడ్డ పోగులు చిల్లుల దగ్గర చిక్కుకున్నాయి. ఆమె మూతి బిగించి నవ్వు ఆపుకుంది.

"రుద్రప్పగారూ, యుద్ధంలో దీని లోపల ఎవరున్నారండీ?"

"ఇంకెవరు? పెద్దప్రభువులు."

"ఆయనొక్కరేనా?"

"కవచంలో ఇద్దరు పడతారటే, పిచ్చిదానా?"

"నా అనుమానమూ అదే. బయటి నుంచి పొడిస్తే చిల్లు అంచు లోపలికి వంగాలి. ఇవి ఏడూ బయటికి వంగాయి.

"అంటే శత్రువు కూడా పెద్దప్రభువులతో పాటు కవచంలోనే దూరి పొడిచాడన్నమాట."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రుద్రప్ప తడబడలేదు. పండితుడు కదా.

"బల్లేన్ని వెనక్కి లాగినప్పుడు అంచులు బయటికొచ్చాయి. ఆ మాత్రం తెలీదూ?"

"కావచ్చండీ. నేను చదువుకోలేదు, చూసి నేర్చుకునేదాన్ని." నాంచారి గోడకున్న బల్లెం అందుకుంది.

"తమరు ఆ కవచం తొడుక్కోండి. చిల్లు లేని చోట చూసి పొడుస్తాను, మెల్లగా లాగుతాను. అంచు బయటికొస్తే తాళాలు తమవే."

రాజుగారు గడ్డం నిమురుకున్నారు. "న్యాయంగానే ఉంది. తొడుక్కో రుద్రప్పా."

రుద్రప్ప కవచాన్ని చూశాడు, బల్లేన్ని చూశాడు.

"ప్రభూ, ఆ చిల్లులు నేనే మేకులతో కొట్టాను. పైనుంచి కొడితే సొట్టే పడింది గానీ చిల్లు పడలేదు. అందుకని తిరగేసి, మట్టిలో పెట్టి..."

మిగతా మాట నవ్వుల్లో కలిసిపోయింది. రాజుగారికి మాత్రం ఇంకో బెంగ మిగిలింది. "మరి మా తాతగారి అసలు కవచం?"

"ఆయుధశాలలో మూడో కొయ్యకి వేలాడుతోంది ప్రభూ. దానికి ఒక్క చిల్లూ లేదు. రావులకొండ నాటికి తాతగారికి ఇంకా పెళ్ళే కాలేదు కదండీ.

"ఏడు పోట్లూ ఆయనకే తగిలి ఉంటే, ఇవాళ నన్ను పనిలోంచి తీసెయ్యడానికి తమరుండేవారా?"

రాజుగారు సింహాసనం మీద పడీపడీ నవ్వారు. తన చేతి కంకణం తీసి నాంచారికి తొడిగించారు. తాళాలు ఆమె నడుము దిగనేలేదు.

ఇక మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. రేపు ఎవరైనా మీ ముందు ఒక వీరుడి కవచం పెట్టి కథ మొదలుపెడతారు. "నీకెందుకు, వేలు పెట్టకు" అంటారు. పెట్టండి. చిల్లులోకే పెట్టి, అంచు ఎటు వంగిందో చూడండి.