నేల కింది చెవి

పరంజ్యోతి మాస్టారికి ఒక అలవాటు ఉంది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు తొడుక్కోమంటారు. గ్యాస్ పైపులైను కాపలా స్టేషన్లో కొత్తగా చేరిన ఇంజనీర్లకు పని నేర్పడం ఆయన ఉద్యోగం. పైపు పగిలితే ఏమవుతుందో వయసులో ఉండగానే ఒక ఊళ్లో కళ్లారా చూసిన మనిషి. ఏం చూశారో ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్లకు కూడా చెప్పలేదు. ఏమీ జరగకుండా గడిచిన ప్రతి రోజునూ ఆయన కళ్లకద్దుకుంటారని మాత్రం స్టేషన్లో అందరికీ తెలుసు. లోకం తీరు వేరు. మంట ఆర్పినవాడికి దండలు వేస్తుంది, మంట పుట్టకుండా చూసినవాడి పేరు కూడా అడగదు.

ఫణీంద్ర ఆయన దగ్గర చేరి ఇంకా ఏడాది నిండలేదు. చురుకైన కుర్రాడు, చదువుకున్న చదువు మీద నమ్మకం ఉన్నవాడు. అయితే ఆ మధ్య బాగా విసిగిపోయి ఉన్నాడు. అందుకు కారణం ఒక తీగ. పైపు పక్కనే, అదే కందకంలో, వెంట్రుకంత సన్నని గాజు తీగ ఒకటి ఊళ్లకు ఊళ్లు దాటుకుంటూ పోతుంది. దానిలోకి వెలుగు పంపిస్తారు. పైన నేల అదిరితే లోపల ఆ వెలుగు వణుకుతుంది. ఎక్కడ వణికిందో స్టేషన్లో తెర మీద కనిపిస్తుంది, గంట మోగుతుంది. ఎవరైనా తెలియక పైపు మీద తవ్వుతుంటే, ఇనుము ఇనుముకు తగలకముందే మనిషి అక్కడికి చేరాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ గోదావరి పల్లపు నేల ఊరికే పడి ఉండే నేల కాదు. వరికోత యంత్రం దిగితే గంట. పెళ్లి ఊరేగింపులో డప్పులు మోగితే గంట. ఒకసారి కబడ్డీ పోటీలకు కూడా మోగింది. మోగినప్పుడల్లా ఫణీంద్ర జీపు వేసుకుని పరిగెత్తడం, ఏమీ లేదని తిరిగి రావడం. చినమొగలిపాలెంలో అయితే అతని జీపు కనబడగానే అరుగుల మీద నుంచి కేకలు వేసేవారు. "వచ్చారండీ గ్యాసు అల్లుళ్లు! మర్యాదలు చెయ్యండర్రా!"

ఒక మధ్యాహ్నం అతను ఉండబట్టలేక మాస్టారి ఎదుట నిలబడి అడిగేశాడు. "మాస్టారూ, ఊరికే అరిచేదాన్ని ఎన్నాళ్లు నమ్మాలి? చెరువులు తవ్వుకునే ఆ ముక్కలో దాని వినికిడి కాస్త తగ్గిస్తే తప్పేముంది? రోజూ ఇలా పరిగెత్తితే, నిజంగా పరిగెత్తాల్సిన రోజున మనకు కాళ్లు ఆడవు."

ప్రశ్నలో న్యాయం ఉంది. మాస్టారు కాదనలేదు. కాదనేలోపే గంట మోగింది. తెర ముందు కూర్చున్న ఆయేషా అటు తిరిగి, "చినమొగలిపాలెమే సార్. గట్టిగా ఉంది, ఆగకుండా వస్తోంది" అంది. మాస్టారు లేచారు. "చెప్పులు తొడుక్కో" అన్నారు.

వాళ్లు వెళ్లేసరికి ఊరి చివర పొలంలో పొక్లెయిన్ చెరువు తవ్వుతోంది. ఆ పొలం నూకరత్నానిది. భర్త పోయాక ఇటు పొలాన్నీ, అటు కొడుకు వీరబాబునీ ఒంటి చేత్తో లాక్కొచ్చిన మనిషి. ఏటేటా ఉప్పు పైకి ఊరి వరి చచ్చిపోతుంటే, పోయినేడు కోసిన గడ్డిని పశువులు కూడా ముట్టకపోతే, ఇక చేపల చెరువు తప్ప దారి లేదని తేల్చుకుంది. వేసవికి కాలువలో నీళ్లు కట్టేసేలోపు చెరువు నింపుకోకపోతే ఈ ఏడు కూడా పోయినట్టే. అందుకే ఎండను లెక్కచేయకుండా గట్టు మీద నిలబడి పని చేయిస్తోంది. పొక్లెయిన్ మీద ఉన్నది వీరబాబే.

ఫణీంద్ర ముందుగా పైపులైను గుర్తు రాయి కోసం చూశాడు. అది దూరాన గట్టు మీద పసుపు రంగు తలతో ఠీవిగా నిలబడి ఉంది. తవ్వకం దానికి చాలా ఇవతల జరుగుతోంది. అతనికి ఒళ్లు మండింది. "చూశారా మాస్టారూ? రాయి అక్కడ, తవ్వకం ఇక్కడ. మళ్లీ ఊరికే" అన్నాడు. ఫోను తీసి ఆయేషాకి, "ఏమీ లేదు, గంట కట్టేసెయ్యండి" అని కూడా చెప్పేశాడు.

మాస్టారు ఆ మాట విన్నట్టే లేరు. పంచె ఎగగట్టి గోతిలోకి దిగి, పొక్లెయిన్ తొట్టికి ఎదురుగా రెండు చేతులూ ఎత్తి నిలబడ్డారు.

"తాతా! పక్కకి తప్పుకో! తలకాయ పగుల్తాది!" అని వీరబాబు అరిచాడు. అరిచినా, తొట్టి మాత్రం గాల్లోనే ఆపాడు.

నూకరత్నం గట్టు మీద నుంచి దూసుకొచ్చింది. "ఏటండీ ఈ గోల? రాయి కాడికి పోలేదు కదండీ మేం! రాయి అక్కడుంటే మీ కళ్లకి ఆనట్లేదా? ఆ రాయి జోలికి పోకురా అని ఈడికి పొద్దున్నించీ చెవిలో పోరు పెడతానే ఉన్నాను. అవతల కాలువ కట్టేత్తారు. మీకేం, జీపేసుకుని వత్తారు, పోతారు. చెరువు మీరు నింపుతారా?"

"నింపలేనమ్మా" అన్నారు మాస్టారు. "ఒక్క పావుగంట ఇంజను ఆపించు. తర్వాత నువ్వు ఎన్ని తిట్టినా ఇక్కడే కూర్చుని వింటాను."

ఆమె నోరు పెద్దదే గాని మనసు మొండిది కాదు. కొడుకు వైపు చెయ్యి ఊపింది. ఇంజను ఆగింది. అంతవరకు ఆ చప్పుడులో మునిగిపోయిన కొంగల అరుపులు ఒక్కసారిగా వినబడ్డాయి.

మాస్టారు జీపులోంచి పైపు జాడ పట్టే కర్ర తెప్పించారు. చూడటానికి చేతికర్రలా ఉంటుంది, కింద పైపు ఉంటే కూత పెడుతుంది. దాన్ని తను పట్టుకోలేదు, ఫణీంద్ర చేతిలో పెట్టారు. "రాయి దగ్గర మొదలుపెట్టు" అన్నారు.

రాయి దగ్గర కర్ర పలకలేదు. రాయి చుట్టూ తిరిగినా పలకలేదు. ఫణీంద్ర దాన్ని ఒకసారి దులిపి చూశాడు. తర్వాత గోతి వైపు నడిచాడు. సగం దూరంలో అది సన్నగా మూలిగింది. ఇంకాస్త వచ్చాక పలకడం మొదలుపెట్టింది. గోతిలోకి దిగి, గాల్లో ఆగిన తొట్టి కిందకి వచ్చేసరికి, ఆకలేసిన పసిబిడ్డలా గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది. 'ఏమీ లేదు, గంట కట్టేసెయ్యండి' అన్న మాట ఫణీంద్ర చెవిలోనే తిరుగుతోంది. ముందు ఆయేషాకి ఫోను చేశాడు. "నేను చెప్పింది తప్పు. ఉంది. తనిఖీ వాళ్లని పంపించండి" అన్నాడు.

పొక్లెయిన్‌ని వెనక్కి జరిపించి, వీరబాబు, ఫణీంద్ర పారలు పట్టారు. బలంగా వెయ్యొద్దని, మట్టిని గోకి తీయమని మాస్టారు పక్కన నిలబడి చెబుతూనే ఉన్నారు. ఎంతో సేపు గోకక్కర్లేకపోయింది. జానెడు మట్టి తీసేసరికి పైపు వీపు బయటపడింది. నున్నగా, చల్లగా, ఏ పాపమూ ఎరగనట్టు పడుకుని ఉంది. పొక్లెయిన్ తొట్టి ఇంకొక్కసారి దిగి ఉంటే దాని పళ్లు సరిగ్గా అక్కడే దిగేవి. వీరబాబు పార కింద పెట్టి, తను అంతవరకు కూర్చున్న సీటు వైపు ఒకసారి చూసి, మట్టిలోనే చతికిలబడ్డాడు.

మాస్టారు గట్టు మీది రాయి వైపు చూస్తూ అడిగారు. "అమ్మా, ఈ రాయికి కాళ్లు ఎప్పుడొచ్చాయి?"

నూకరత్నం రాయి వైపు ఒకసారి, పైపు వైపు ఒకసారి చూసింది. "మా ఆయనే జరిపాడండి" అంది చివరికి. "రాయి పొలం మధ్యలో ఉంటే ట్రాక్టరు తిరిగేది కాదు. గట్టు మీద ఉన్నా రాయి రాయేగా అన్నాడు. ఒకపక్క ఆయన పట్టుకుంటే ఒకపక్క నేనే పట్టుకున్నాను. తర్వాత మర్చిపోయానండి. రాయి అక్కడే పుట్టిందనుకున్నాను. రాయి కాడికి పోకురా, పోకురా అని ఈణ్ణి నేనే తీసుకొచ్చి దీని నెత్తిన కూచోబెట్టాను."

ఇలాంటి చోట తప్పంతా రైతు నెత్తిన రుద్దేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లెప్పుడూ రాయి చుట్టూ నాగలి తిప్పి ఎరగరు. లైను వెంట తిరిగే కాపలావాళ్లు ఏటా వచ్చి ఆ రాయిని చూశారు, ఉందనుకున్నారు, వెళ్లిపోయారు. ఎక్కడ ఉందో చూసినవాడు లేడు. మాస్టారికి ఇదంతా తెలుసు. "పాతేనాడు మావాళ్లు ఎక్కడ పాతమంటారని మిమ్మల్ని అడిగారా?" అన్నారు.

"ఎవరడిగారండీ! వచ్చారు, పాతారు, పోయారు."

"అయితే రాయిని మోసినవాళ్లలో మేమూ ఉన్నాం" అన్నారు ఆయన. ఆ మాటకి నూకరత్నం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఉక్రోషం కొడుకు మీద చూపించింది. "చూత్తావేంట్రా ఎదవా! లెగు, లేచి ఆయన కాళ్లకి దండం ఎట్టు!" అంటూనే కొంగుతో వాడి మొహం మీది మట్టి తుడిచింది. మట్టి పోయాక కూడా తుడుస్తూనే ఉంది.

మాస్టారు కాళ్లు వెనక్కి తీసుకున్నారు. "నాకెందుకమ్మా? నేను నా అంతట నేను రాలేదు. అది పిలిస్తే వచ్చాను" అని, పైపు పక్కన నేలలో ఉన్న గాజు తీగ సంగతి చెప్పారు.

"గాజు తీగకి ఇనబడుద్దా?" అంది నూకరత్నం గొంతు తగ్గించి. "మన మాటలు కూడానా?"

"మాటలు వినబడవు. నేల మీద దెబ్బ పడితే వింటుంది. ఎవరి దెబ్బయినా వింటుంది."

"ఇన్నాళ్లూ మీ కుర్రోణ్ణి అల్లుడు, అల్లుడు అని ఎటకారం చేశామండి" అంటూ ఆమె ఫణీంద్ర వైపు తిరిగింది. "ఏమీ లేకపోయినా పరిగెత్తుకొచ్చేవోడివి. అల్లుడైతే పిలవందే వత్తాడా బాబూ?" అందరూ నవ్వారు, వీరబాబు కూడా. ఫణీంద్ర మాత్రం నవ్వలేక తల దించుకున్నాడు.

ఆ సాయంత్రమే మాస్టారు గట్టు మీద కూర్చుని నూకరత్నంతో కలిసి చెరువు గీత మార్చారు. పైపు మీది నేలను వదిలేసి, చెరువును అవతలి వైపు జరిపారు. పైపుకు ఎడంగా తవ్వకం మళ్లీ మొదలైంది. చెరువు కొంచెం చిన్నదవుతుంది. అయినా కాలువ కట్టేసేలోపు నిండుతుంది. దాన్ని తవ్వడానికి వీరబాబు ఉన్నాడు.

మర్నాడు తనిఖీ వాళ్లు వచ్చి పైపు పూత అంతా తడిమి చూశారు. ఒక గీత కూడా పడలేదు. ఇసుక పోసి, మట్టి కప్పి, వాళ్లు వెళ్లిపోయారు. ఇక రాయి మిగిలింది. దాన్ని కంపెనీ మనుషులు వచ్చి పాతుతారని ఫణీంద్ర అంటే నూకరత్నం ఒప్పుకోలేదు. "తెచ్చిన చేతులే అట్టుకెళ్లి పెట్టాలి బాబూ. ఆయన లేడు కాబట్టి ఆ పక్క నువ్వు పట్టు" అంది. ఫణీంద్ర పట్టుకున్నాడు. రాయి బరువు అతనికి అప్పుడు తెలిసింది. మాస్టారు పైపుకు పక్కగా చూపించిన చోట దాన్ని నిలబెట్టారు. నూకరత్నం దిమ్మిస అందుకుని, రాయి చుట్టూ మట్టిని కూరడం మొదలుపెట్టింది. దెబ్బ వేసినప్పుడల్లా పెదాలు కదుపుతూ ఏదో అనుకుంటోంది. పోయిన మొగుడితో అంటోందో, పిలిచిన తీగతో అంటోందో ఫణీంద్రకి తెలియలేదు.

అంతలో అతని ఫోను మోగింది. ఆయేషా. "ఫణీ గారూ, అదే చోట మళ్లీ దెబ్బలు! మనుషుల్ని పంపించనా?"

"వద్దండీ, మేం ఇక్కడే ఉన్నాం. రాయి పాతుతున్నారు."

"అబ్బ, బతికించారు! మరి మీ పని అయ్యేదాకా ఆ ముక్క కట్టేసి ఉంచనా? గంటతో చెవులు చిల్లులు పడుతున్నాయి."

ఫణీంద్ర ఫోను చెవి దగ్గర నుంచి తీసి, "ఈ ముక్క కట్టేసి ఉంచనా అంటున్నారు" అని మాస్టారి వైపు చూశాడు. మాస్టారు నూకరత్నం చేతులనే చూస్తున్నారు. ఆమె ఇంకా దెబ్బ మీద దెబ్బ వేస్తూనే ఉంది.

"వద్దు" అన్నారు ఆయన మెల్లగా. "తీగని విననీ."