బండ చాటు తుపాకీ మందు

"నిప్పార్పండో! మందొస్తాండాది! నిప్పార్పండో!"

వీధి చివర నుంచి ఆ కేక వినపడగానే బండమీదికోటలో ఆడవాళ్లంతా నీళ్ల చెంబులు పట్టుకుని పొయ్యిల దగ్గరికి పరిగెత్తారు. అరుగు మీద ముసలాయన అప్పుడే ముట్టించిన చుట్టను తిట్టుకుంటూ మట్టిలో గుచ్చాడు. తుపాకీ మందు వీధిలో పోతున్నంతసేపూ, దాన్ని పేల్చి పరీక్ష చేసి మిగిలింది కొట్లో పెట్టేదాకా, ఏ ఇంట్లోనూ నిప్పు ఉండకూడదు. అది ఆ కోట కట్టుబాటు. మరి ఉండదా అండీ! గాలికి ఎగిరొచ్చిన ఒక్క రవ్వ చాలదూ, వీధికి వీధే లేచిపోవడానికి!

మామూలుగా ఆ కేక మొక్కుబడిగా వేస్తారు. ఆ రోజు వేస్తున్నవాడు మద్దిలేటి. వాడు మాత్రం తన పెళ్లి ఊరేగింపుకు తనే దండోరా వేసుకుంటున్నట్టు వేస్తున్నాడు. తడిగుడ్డ చుట్టి వాడు నెత్తిన మోస్తున్న కుండలో ఉన్నది, వాడు సొంతంగా చేసిన మొదటి మందు.

"కొర్రన్నం ఇంకా పలుకు మీద ఉండాది. నీ మందుకు ఇదేనా పొద్దు?" అని గుమ్మంలోంచి పీరమ్మ అరిచింది. పీరమ్మ మద్దిలేటి గురువుగారి భార్య.

"నా మందు చప్పుడికి నీ అన్నం అదే ఉడుకుతాది, చూడమ్మా!" అన్నాడు మద్దిలేటి నడక ఆపకుండానే.

గురువు మౌలాలి ఉస్తాద్. కోటలో తుపాకులు బాగుచేసేదీ, మందు నూరించేదీ ఆయనే. చిన్నప్పుడు ఫకీర్ల వెంట తిరిగొచ్చిన మనిషి. మాట బహు పొదుపు. మద్దిలేటి బాధంతా అదే. ఏళ్ల తరబడి ఆయన దగ్గర జిల్లేడు బొగ్గు కాల్చాడు, మందు నూరాడు, జల్లెడ పట్టాడు. ఏనాడూ ఆయన "బాగుందిరా" అన్న పాపాన పోలేదు.

"ఉస్తాద్, నా మందు తుపాకీకెక్కేది ఎప్పుడు?" అని అడిగితే, "చూద్దాం" అనేవాడు. ఆ చూద్దాం వినీ వినీ వాడికి కడుపులో మంట పట్టుకుంది.

ఇంతలో ఎలుగుబంటి వచ్చిపడింది. జొన్నచేలల్లో దూరి, కోతకు పోయిన ఒకామెను చీల్చింది. దాన్ని కొట్టిరమ్మని కోట దొర బోయ ఉరుకుందును పిలిచాడు. ఉరుకుందు గురి తప్పడు, నవ్వు మానడు. తెల్లారితే వేట. ఎలుగుబంటి మీదికి వచ్చినప్పుడు తుపాకీ మొరాయిస్తే ఇంక మనిషి లేడు కాబట్టి, ఆ వేళ మూడు రకాల మందులు పరీక్ష పెట్టారు. ఉస్తాద్ పాత మందు ఒకటి. పైకోట గిడ్డయ్య తెచ్చింది ఒకటి. మద్దిలేటి కొత్త మందు ఒకటి. గెలిచిన మందు, ఉరుకుందు మందు పోసుకుని నడుముకు కట్టుకునే కొమ్ములో నిండుతుంది.

ఊరి బయట పెద్ద బండ దగ్గర పరీక్ష. వేపచెక్కలు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టారు. అన్ని మందులకూ తుపాకీ ఒకటే, కొలత గిద్దె ఒకటే, గుండు ఒకటే. ఇంకొక పద్ధతి కూడా ఉంది, గుర్తుపెట్టుకోండి. వేటలో అయితే తుపాకీ పట్టినవాడే ఒత్తి ముట్టిస్తాడు. పరీక్షనాడు అట్లా కాదు. పట్టేవాడు తుపాకీ మడమను, అంటే వెనక కొసను, భుజానికి ఆనించి, చెంప దాని చెక్కకు ఆనించి, గురి చూస్తూ కదలకుండా ఉంటాడు. మందు చేసినవాడు పక్కన నిలబడి తన చేత్తో నిప్పు పెట్టాలి.

తుపాకీ పట్టింది ఉరుకుందు. మొదట ఉస్తాద్ మందు. ఆయన వంగి ఒత్తి తాకించాడు. దబ్బుమంది. గుండు చెక్కల్లో సగం దాటింది. గొట్టంలోకి తడిగుడ్డ దూర్చి తుడిస్తే మసి కొంచెమే అంటింది.

తర్వాత గిడ్డయ్య. తుస్సుమని ఇంత పొగ వచ్చి అందరి కళ్లూ మండాయి. గుండు మొదటి చెక్కలోనే ఇరుక్కుంది.

"పిల్లి తుమ్మినట్టుందే గిడ్డన్నా! ఎలుగుబంటికి జలుబు చేస్తాదేమో!" అన్నాడు ఉరుకుందు. అందరూ నవ్వారు. గిడ్డయ్య కూడా నవ్వాడు పాపం, ఏం చేస్తాడు.

మూడోది మద్దిలేటి మందు.

గిద్దెతో కొలిచి గొట్టంలో పోశారు. గుండు దింపి కడ్డీతో దట్టించారు. ఉరుకుందు కూర్చుని చెంప ఆనించబోతుంటే, ఉస్తాద్ కుండలోంచి చిటికెడు మందు తీసి వేళ్ల మధ్య నలిపాడు. ఎండలోకి పట్టి చూశాడు.

"ఏ జల్లెడ పట్టినావురా?"

"మామూలు జల్లెడే ఉస్తాద్."

అబద్ధం. గొట్టంలో పోసే మందు గరుకుగా ఉండాలి. తుపాకీ చెవి, అంటే గొట్టం పక్కనుండే సన్న రంధ్రం, దాని దగ్గర నిప్పందుకోవడానికి వేసే చిటికెడు మందు ఒక్కటే పిండిలాగా మెత్తగా ఉండాలి. దాన్ని రంజకం అంటారు. రంజకానికి వాడే సన్న జల్లెడతో మద్దిలేటి సగం మందు పట్టి, గరుకులో కలిపేశాడు. మెత్తనిది ఒక్కసారిగా అంటుకుంటుంది. చప్పుడు గట్టిగా వస్తుంది, గుండు దూరం పోతుంది. గొట్టం మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది?

ఆ సంగతి వాడికి తెలియక కాదు. వాగులో ఎవరూ లేనప్పుడు ఒక పాత తుపాకీని మొద్దుకు కట్టి, పొడుగు ఒత్తి పెట్టి, బండ చాటున దాక్కుని పేల్చి చూశాడు. బ్రహ్మాండంగా పేలింది. తర్వాత పోయి చూస్తే గొట్టం మీద, చెవి పక్కన, వెంట్రుక లాంటి గీత. అది మొదటి నుంచీ ఉందేమో అనుకున్నాడు. ఉందనే అనుకున్నాడు. ఆ గీత మీద మసి రుద్ది ఇంటికి వచ్చాడు.

ఉస్తాద్ వేళ్లు దులుపుకున్నాడు.

"ఉరుకుందూ, లెయ్యప్పా. ఇది నేను పడతా."

"నువ్వెందుకు ఉస్తాదూ? కండ్లు అగపడతాయా నీకు?"

"చెక్కలు కదలవు గదా. అగపడతాయి."

ఆయన కూర్చున్నాడు. మడమ భుజానికి ఆనించాడు. తెల్లగడ్డం పక్కకు తీసి, చెంపను తుపాకీ చెక్క మీద పెట్టాడు. ఆ పాత తుపాకీలో చెవి పక్కన మద్దిలేటి మసి రుద్దిన గీత ఎక్కడుందో, ఈ తుపాకీలో సరిగ్గా ఆ చోటికి ఆనుకునే ఇప్పుడు ఉస్తాద్ కన్ను ఉంది.

"ముట్టించరా."

మద్దిలేటి ఒత్తి పట్టుకుని దగ్గరికి వచ్చాడు. ఒత్తి కొస ఎర్రగా ఉంది. మొన్నటి ఏడాది ఏటి అవతల కోటలో గొట్టం పగిలిన కథ వాడు విన్నదే. తుపాకీ పట్టినాయన్ని మోసుకొస్తే, భార్య తలపాగా రంగు చూసి ఆయనే అని గుర్తుపట్టిందట. ఎప్పుడు విన్నా అది ఎవరి కథో అన్నట్టు ఉండేది. ఇప్పుడు ఆ తలపాగా ఉస్తాద్ నెత్తి మీద, తెల్లగా, మాసిపోయి, అంచున చిరుగు మీద కుట్టుతో కనపడుతోంది. ఆ చిరుగును పోయిన వారమే పీరమ్మ కుట్టింది.

చెయ్యి చాచాడు. సగం దూరం పోయింది. ఆ పైన పోలేదు.

వేళ్లతో ఒత్తి కొస నలిపేశాడు. చర్మం కాలింది.

"ఆరిపోయింది ఉస్తాద్."

"మళ్లీ రాజెయ్యి." ఆయన చెంప తీయలేదు.

"రాజెయ్‌రా మద్దిలేటీ! పెండ్లికొడుకు మాదిరి వణకతాండావే!" అని వెనక నుంచి ఉరుకుందు. జనం నవ్వారు. వాడికి ఆ నవ్వు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినపడింది.

ఒత్తి మళ్లీ రాజేశాడు. పగలదు, ఎందుకు పగులుతుంది, అది కొత్త గొట్టం, అనుకున్నాడు. ఒకవేళ పగిలితే? ఇప్పుడు నోరు విప్పితే ఇన్నేళ్ల చాకిరీ బూడిద. ఇంకెప్పుడూ జల్లెడ ముట్టుకోనివ్వరు. అడుగు వేశాడు. ఇంకో అడుగు. ఉస్తాద్ ఊపిరి వినపడుతోంది. ఆయన మాత్రం పడుకున్నవాడిలాగా మెల్లగా ఊపిరి తీస్తున్నాడు. ఒత్తి పొగ ఆయన కంట్లోకి పోయింది. కన్ను చెమ్మగిల్లింది. ఆయన రెప్ప కూడా వేయలేదు.

రంజకానికి, నిప్పుకు మధ్య బెత్తెడు దూరం ఉంది.

"చెంప తియ్ ఉస్తాద్! నీ కాళ్లకు మొక్కుతా. లెయ్యి. లెయ్యి సామీ!"

అరిచాడో, ఏడ్చాడో వాడికే తెలియదు. ఒత్తి మాత్రం దూరంగా విసిరేశాడు.

జనం నవ్వు ఆగిపోయింది. ఉస్తాద్ మెల్లగా చెంప తీసి లేచాడు. ఎందుకని అడగలేదు. ఏం కలిపావని అడగలేదు.

దట్టించిన తుపాకీని అట్లాగే వదిలెయ్యడానికి లేదు కదా. దాన్ని దుంగకు తాళ్లతో కట్టి, చెక్కల వైపు గురిపెట్టి, పొడుగు ఒత్తి తగిలించారు. అందరూ పెద్దబండ వెనక్కి పోయి ముడుచుకుని కూర్చున్నారు. ఒత్తి మెల్లగా కాలుతోంది. మద్దిలేటి రెండు చేతులతో తన ముఖం కప్పుకున్నాడు, తుపాకీ తన చెంప దగ్గరే ఉన్నట్టు.

బండ అదిరింది. పక్షులు చెదిరిపోయాయి. తాళ్లు తెంపుకుని తుపాకీ వెనక్కి ఎగిరి పడింది.

పరిగెత్తి చూశారు. గొట్టం పగలలేదు.

గుండు చెక్కలన్నీ దాటుకుని వెనక మట్టికట్టలో దూరిపోయింది. ఒక్కసారిగా కేకలు! గిడ్డయ్య అయితే నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు. ఉరుకుందు వచ్చి మద్దిలేటిని ఎత్తి గిరగిరా తిప్పాడు.

"ఇదీ మందంటే! రేపు నాకు ఇదే కావాల. ఎలుగుబంటి తల ఎగిరిపోవాల! దీనికి ఏడ్చినావేమిరా, పిరికి నాయాలా?"

మద్దిలేటి ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన తుపాకీని ఒళ్లో పెట్టుకుని, గొట్టాన్ని బొటనవేలితో చెవి నుంచి మూతి దాకా తడుముతున్నాడు. అది అయ్యాక లేచి, ఉరుకుందు కొమ్మును మద్దిలేటి మందుతో నింపాడు. బిరడా పెట్టి మద్దిలేటి చేతిలో పెట్టాడు.

"గెలిచింది నీ మందే. నీ చేత్తో ఇయ్యి."

ఉరుకుందు చెయ్యి చాచాడు. నవ్వుతున్నాడు. ఎండకు నల్లబడిన ముఖం, ఒక పన్ను మీద ఇంకో పన్ను, నున్నగా గీసుకున్న చెంప.

ఇన్నేళ్లుగా మద్దిలేటి కోరుకున్నది అదే. చెయ్యి ఇటు నుంచి అటు పోతే చాలు. కోటంతా వాడి పేరే. నోరు మూసుకుంటే అడిగేవాడు లేడు, గొట్టం కూడా పగలలేదు.

కొమ్ము పట్టుకుని వాడు ఎంతసేపు నిలబడ్డాడో. జనం గుసగుసలు మొదలుపెట్టారు.

వాడు వెనక్కి తిరిగాడు. గొట్టాలు తుడిచే నీళ్ల తొట్టి దగ్గరికి పోయి, బిరడా పీకి, కొమ్ములో మందంతా నీళ్లలో పోసేశాడు. తర్వాత కుండ ఎత్తి అది కూడా కుమ్మరించాడు. నీళ్లు నల్లగా మారాయి.

"వీనికి పిచ్చి పట్టిందిరా!" అని గిడ్డయ్య అరిచాడు.

ఉరుకుందు వచ్చి వాడి భుజం పట్టుకుని ఊపాడు. "బాగా పేలింది గదరా! ఎందుకు పోసినావు? చెప్పు!"

"నేను బండ చాటున దాంకోని పరీక్ష చేసిన మందు అది, అన్నా," అన్నాడు మద్దిలేటి. "నీకు బండ ఉండదు."

ఉరుకుందుకు సగమే అర్థమైంది. అయినా భుజం మీద చెయ్యి మాత్రం సడలింది. ఉస్తాద్ కొమ్మును పొడిగుడ్డతో తుడిచి, తన పాత గరుకు మందు నింపి, ఉరుకుందుకు ఇచ్చాడు. తొట్టిలోకి ఒకసారి తొంగి చూసి, నడవండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

మిగిలిన మందు కొట్లోకి చేరాక వీధిలో పొయ్యిలు మళ్లీ రాజుకున్నాయి. పీరమ్మ, "ఇండ్లకు పోయి మళ్లీ వండుకునేసరికి పొద్దు వాలుతాది. ఉన్నదే అందరూ తినండి" అని బండ దగ్గర నుంచి వచ్చిన వాళ్లనందరినీ తన వాకిట్లోనే కూర్చోబెట్టింది. కొర్రన్నం, పుండికూర పప్పు. ఎవరికీ కడుపు నిండేంత లేదు, ఎవరూ లేచిపోలేదు. గిడ్డయ్య ఉస్తాద్ పక్కన కూర్చున్నాడు. మద్దిలేటి దూరంగా నిలబడితే, ఉరుకుందు చెయ్యి పట్టి లాగి తన పక్కన కూలేశాడు.

ఆకులో అన్నం పడింది గానీ మద్దిలేటి ముట్టుకోలేదు. కాలిన వేళ్లను చూసుకుంటున్నాడు.

ఉరుకుందు పెద్ద ముద్ద నోట్లో కుక్కుకుని, ఆపుకోలేక అడిగాడు. "ఉస్తాదూ, ఒక్క మాట చెప్పు. వీని మందు మంచిదా, చెడ్డదా?"

"చెంప నిండా అన్నం పెట్టుకోని మాటలేందప్పా," అన్నాడు ఉస్తాద్. "తిను."

మద్దిలేటి తల తిప్పి ఉరుకుందు చెంప వైపు చూశాడు. అది ముద్దతో ఉబ్బి, మెల్లగా కదులుతోంది. చాలాసేపు చూశాడు. తర్వాత ఆకు ముందుకు లాక్కుని, పప్పు కలుపుకున్నాడు.