చేలో బెరుకులు

దావూద్‌కి ఆ రోజు కాలు ఒకచోట నిలవడం లేదు. జలాల్ బాబా దగ్గర శిష్యుడిగా చేరాక అతను మొదటిసారి ఒంటిచేత్తో పండించిన చేను అది. పైరు కంకులు ఈనడం అయిపోయి గింజ పాలు పోసుకుంటోంది. పక్కచేను సత్తిరాజుగారు మర్నాడు వచ్చి చూస్తానన్నారు. నచ్చితే తన పొలానికి విత్తనం ఇక్కడినుంచే తీసుకుంటానని, ఊళ్ళో నలుగురికీ చెబుతానని కూడా అన్నారు.

దావూద్ దిగులల్లా బెరుకుల గురించే. ఒక రకం వరిలో వేరే రకం మొక్కలు కలిస్తే వాటిని అక్కడ అలాగే అంటారు. విత్తనం బాబా గాదెలోది. పొట్టి రకమే ఎక్కువ, కానీ ఏటా అందులో ఏవేవో కలుస్తూనే ఉంటాయి. ఒకటి మిగతావాటికన్నా జానెడు పొడుగు. ఇంకొకదాని గింజకి ఎర్ర పొట్టు, కొసన మీసాలూ. కొన్నయితే అన్నీ ఈనాక తీరిగ్గా ఈనుతున్నాయి.

"మీ బాబా భోజనాల పంక్తిలో మనుషులే అలా కూర్చుంటారనుకున్నానయ్యా, వరి కూడా కులం చూడకుండా కలిసి కూర్చుందే," అని సత్తిరాజుగారు అప్పటికే ఒకసారి నవ్వి వెళ్ళారు.

ఒక్కటి కూడా మిగల్చకుండా ఏరేస్తానని దావూద్ బాబాని అడిగాడు. బాబా కాదనలేదు. లుంగీ ఎగ్గట్టుకుని తనూ దిగారు. నువ్వు గట్టు వైపునుంచి రా, నేను నడిమధ్యలోంచి వస్తానన్నారు.

గురువుగారే తోడొస్తే ఇంకేం కావాలి? దావూద్ చకచకా పీక్కుంటూ పోయాడు. చంక నిండింది. నడుం ఎత్తి ఒకసారి అటు చూశాడు. బాబా పీకుతున్నవి పొట్టివి. ఎర్ర మీసాల దుబ్బుని మాత్రం ముట్టుకోలేదు.

"బాబా, అవి బెరుకులు కావు, పైరు! పైరు పీకేస్తున్నారు!"

అరుస్తూనే బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తాడు.

దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. గట్టు మీంచి కనబడలేదు గానీ, అక్కడ బండిచక్రమంత మేర పైరు మాడి ఎండుగడ్డి అయిపోయింది. దుబ్బు కదిపితే మొదట్లోంచి, రసం పీల్చి పైరుని మాడ్చే సుడిదోమ జలజలా రాలింది. ఆ ఎండు మధ్యలో ఎర్ర మీసాల దుబ్బు ఒక్కటే పచ్చగా, కంకుల బరువుకి వంగి ఉంది.

బాబా ఇంకో ఎండు దుబ్బు పీకి పక్కన పడేశారు.

"ఇక్కడ బెరుకులు ఇవే కదా బేటా."

దావూద్ చంకలోని మొక్కలు నీళ్ళలోకి జారిపోయాయి. మోకాళ్ళ మీద కూలబడి ఆ దుబ్బు మొదలు విడదీసి చూశాడు. దోమ దాన్నీ పట్టింది. అయినా ఒక్క ఆకు ఎండలేదు. అతనికి సంబరంతో మాట తడబడింది. ఇదే విత్తనం అన్నాడు. వచ్చే ఏడు గాదె కడిగేసి చేనంతా ఇదే వేద్దామన్నాడు, పొట్టివాటి జోలికే పోవద్దన్నాడు, సత్తిరాజుగారికీ ఇదే ఇద్దామన్నాడు.

బాబా చేతుల బురద కడుక్కుంటూ అంతా విన్నారు.

"వచ్చే ఏడు దోమే వస్తుందో, వరదే వస్తుందో నువ్వు చెప్పు," అన్నారు. "ఏది ఒక్కటే ఉంచాలో నేను చెబుతాను."