బ్రేకు మీద టమాటా

మునిరత్నానికి బండ్లు అచ్చిరావు. ఆ మాట అనేది కూడా అతనే.

మదనపల్లె శివార్లలో దస్తగిరి ఉస్తాద్ మట్టిబాట మీద మోటారు సైకిలు పందేలు నేర్పేవాడు. ఆయన దగ్గర మునిరత్నం రెండేళ్లుగా శిష్యుడు. ఆదివారం బెంగళూరులో పెద్ద పందెం. ఉస్తాద్ పంపేది ఒక్కరినే. మునిరత్నమా, అతనికన్నా ఏడాది పెద్దదైన రెడ్డెమ్మా? అది ఆ పొద్దే తేలాలి.

మొదటిసారి రెడ్డెమ్మ పాత బండి మీద గెలిచింది.

"అది అరిగి అరిగి నున్నగా పోతాది ఉస్తాద్. నాది కొత్తది, ఇంకా బిగువుగానే ఉంది," అన్నాడు మునిరత్నం.

"అట్లయితే మార్చుకోండి."

మార్చుకున్నారు. మళ్లీ రెడ్డెమ్మే గెలిచింది.

"కొత్తబండికి ఊపుంటుంది గదా ఉస్తాద్! ఈ ముసలిదానికి దగ్గొకటే తక్కువ."

రెడ్డెమ్మ హెల్మెట్ తీసింది. "ఇందాక ఆ ముసలిదాన్ని చూసే లొట్టలేస్తివి గదప్పా!"

మదనపల్లెలో టమాటాలకు కరువా? ఉస్తాద్ కూర్చునేది కూడా టమాటాల ఖాళీ పెట్టె మీదే. ఇంటికని పక్కన పెట్టుకున్న బుట్టలోంచి రెండు పండ్లు తీసి, ఒక్కో బండికి ఒక్కోటి, కుడికాలి బ్రేకు మీద పురికొసతో కట్టాడు.

మట్టి పందెంలో కిటుకంతా మలుపులోనే ఉంటుంది. అక్కడ బండి పక్కకు జారుతుంది. జారనిస్తూనే దాన్ని తిప్పుకోవాలి. బ్రేకు మీద కాలు ఆనీ ఆననట్టు ఉండాలి. భయపడి తొక్కామా, ఎంత మంచి బండైనా చతికిలబడుతుంది.

"ఒక చుట్టు తిరిగి రాండి," అన్నాడు ఉస్తాద్.

రెడ్డెమ్మ ముందొచ్చింది. ఆమె పండు మీద గోటితో గీసినట్టు చిన్న చీలిక. మునిరత్నం వెనకొచ్చాడు. అతని బ్రేకు మీద పురికొస ఉంది, తొక్క ఉంది. మిగతాదంతా బూటు నుంచి మోకాలి దాకా చిమ్మి ఉంది.

"ఉప్పూ కారం వేస్తే సంగట్లోకి సరిపోతాది," అంది రెడ్డెమ్మ.

"బెంగళూరికి రెడ్డెమ్మ పోతుంది," అన్నాడు ఉస్తాద్.

మునిరత్నం మొహం కందిపోయింది. రెండేళ్లు ఆ ఒక్క మాట కోసమే కదా మట్టి మింగింది!

"అన్యాయం ఉస్తాద్! ఆమెకు గట్టికాయ కట్టినారు. నాకు బాగా మాగిన పండు కట్టినారు!"

ఉస్తాద్ బుట్టను అతని ముందుకు జరిపాడు.

"నీకు నచ్చింది ఏరుకో."

మునిరత్నం గొంతుక్కూర్చుని ఏరసాగాడు. సంతకొచ్చిన అత్తగారిలా ఒక్కోదాన్నీ నొక్కి నొక్కి చూశాడు. ఇది మెత్తన. ఇది పగులు. దీనికి పుచ్చు. చివరికి అడుగున రాయిలాంటి పచ్చికాయ ఒకటి దొరికింది. గెలిచినవాడిలా దాన్ని పైకెత్తాడు.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

కొత్తబండి వైపు చూశాడు. పాతబండి వైపు చూశాడు. చేతిలో కాయ వైపు చూశాడు. ఉస్తాద్ అటు తిరిగి టీ తాగుతున్నాడు.

కాయను మెల్లగా బుట్టలో పెట్టేశాడు. అన్నిటికన్నా మెత్తటి పండును చంటిబిడ్డలా రెండు చేతుల్లోకి తీసుకుని, పాతబండి దగ్గరికి నడిచాడు.

"అక్కా," అన్నాడు రెడ్డెమ్మతో, "కొంచెం నిదానంగా కట్టు. పగిలిపోతాది."